ముందు షోకేసు తాళం తియ్యి

చిరంజీవి మేనకోడలికి,

మీ అత్త ఆశీస్సులు. బుజ్జిది షోకేసు ముందు నిలబడి "అదేంటి, ఇదేంటి" అని ప్రాణం తీస్తోందని, ఏం చెప్పాలో తోచడం లేదని రాశావు. ముందు ఆ షోకేసు తాళం తియ్యి తల్లీ.

మీ మావయ్య ఇక్కడ ఒడిశా పర్లాకిమిడిలో, పశువుల కొమ్ములతో బొమ్మలు చేసే పనివాళ్ళ దగ్గర కొన్న కొంగ బొమ్మ మా ఇంట్లో ముప్పై ఏళ్ళు అద్దం వెనకే ఉండిపోయింది. విరిగిపోతుందని పిల్లల్ని ముట్టుకోనివ్వలేదు. మొన్న మా పెద్దాడు అది ప్లాస్టిక్ అనుకున్నానన్నాడు. కొమ్మును వేడి చేసి, వంచి, చెక్కి, నునుపు తేలుస్తారని వాడికి నేనెప్పుడు చెప్పాను గనక! ఆ బాధ నాకింకా ఉంది.

మీ ఇంట్లో బెల్లగుంఠ ఊళ్ళో చేసిన ఇత్తడి చేప ఉందిగా, దానితో మొదలుపెట్టు. అంచులు గుచ్చుకుంటాయేమో నువ్వు ముందు తడిమి చూసి, బుజ్జిదాని అరచేతిలో పెట్టి ఊరుకో. చేప అటూ ఇటూ మెలికలు తిరుగుతుంటే పిల్ల పొలుసుల మధ్య వేలు పెట్టి చూస్తుంది. "ఎలా కదులుతోందమ్మా?" అని అదే అడుగుతుంది. చిన్న చిన్న ముక్కలు చేసి ఒకదానికొకటి తగిలించారని అప్పుడు చెప్పు. అడక్క ముందు చెప్పిన కథ పిల్లల చెవికెక్కదు.

గుణుపురంలో కొన్న సవర గిరిజనుల పటాన్ని మాత్రం "డాన్సు బొమ్మలు" అనెయ్యకు. సవరల ఇళ్ళల్లో ఎర్రమట్టి పూసిన గోడ మీద బియ్యప్పిండి తెలుపుతో, దేవుళ్ళ కోసం, పోయిన పెద్దల కోసం వేసే బొమ్మలవి. మన దేవుడి గూడు లాంటిదని చెప్పు, దానికి అర్థమవుతుంది. తర్వాత గుర్రాలెన్నో లెక్కపెట్టమను.

మార్గశిర లక్ష్మివారాలు అస్సలు వదులుకోకు. మనం అమ్మవారి పూజ చేసుకునే ఆ రోజుల్లోనే పక్కింటి ఒడియా వాళ్ళు మాణబసా అని తమ లక్ష్మీపూజ చేస్తారు, గడప నుంచి లోపలిదాకా పిండితో లక్ష్మి పాదాలు వేస్తారు. పిల్లనీ కూర్చోబెట్టు. గుప్పిట పక్కభాగం జారు పిండిలో ముంచి నేల మీద అద్దిస్తే పాదం, పైన వేలితో అయిదు చుక్కలు పెడితే వేళ్ళు. అది అద్దుతుండగా ఒడియా కవి బలరామదాసు రాసిన లక్ష్మీపురాణంలోని శ్రియ కథ చెప్పు. తక్కువ కులమని ఊరవతల ఉంచిన శ్రియ ఇల్లు అలికి ముగ్గు పెట్టుకుంటే, లక్ష్మి ఆ ఇంట్లో అడుగుపెట్టింది. అందుకని అన్న బలభద్రుడి మాట మీద జగన్నాథుడు తన భార్య లక్ష్మిని గుడి నుంచి పంపేశాడు. "మరి ఆయనకి అన్నం ఎవరు పెట్టారు?" అంటుంది చూడు. ఎవరూ పెట్టలేదు, అన్నదమ్ములిద్దరూ పన్నెండేళ్ళు ఆకలితో తిరిగారు, చివరికి లక్ష్మి ఇంటికే వచ్చి తిన్నారు. కులం మాట దాటెయ్యకు. అది లేకపోతే ఆ కథే లేదు.

పాదాలు వంకరగా వచ్చినా నువ్వు దిద్దకు. చీమలు తినేదాకా అలాగే ఉండనీ.

సంక్రాంతికి దాన్ని తీసుకురా. కొంగను బయటికి తీసి, తుడిచి, కింది అరలో దానికి అందేలా పెట్టాను.

మీ అత్త,
పర్లాకిమిడి