సోలార్ తర్వాత, ముందు గాలి సంగతి చూడు

చి. శ్రావణికి, పెదనాన్న ఆశీస్సులు.

స్పిన్నింగ్ మిల్లులో మెయింటెనెన్సు నీ చేతికిచ్చారని, కరెంటు బిల్లు తగ్గించమన్నారని మీ నాన్న చెప్పాడు. షెడ్ల మీద సోలార్ పెట్టిద్దామన్నావట. పెట్టిద్దువుగాని. చిల్లికుండలో ఎంత పోస్తే ఏం లాభం?

ఆటోకోనర్ (దారాన్ని కోన్లకు చుట్టే మిషను) దగ్గర తెగిన దారం అతికేది కంప్రెసర్ నొక్కి పంపే గాలే. ఊరికే వస్తుందన్నట్టు వాడతారు గానీ, కంప్రెసర్ తిన్న కరెంటులో చాలా భాగం వేడిగానే పోతుంది. 7 బార్ (బార్ అంటే గాలి ఒత్తిడి కొలత) లైనుకు 3 మిల్లీమీటర్ల చిల్లి ఒక్కటున్నా మూడున్నర కిలోవాట్ల దాకా వృథా. ఏడాదంతా తిరిగే మిల్లులో దగ్గరదగ్గర 30 వేల యూనిట్లు. యూనిట్ 7 రూపాయలు వేసుకున్నా రెండు లక్షలు. బొగ్గు కరెంటు లెక్కలో పాతిక టన్నులకు పైనే కార్బన్ డయాక్సైడ్.

రింగ్ ఫ్రేములు (నూలు వడికే మిషన్లు) తిరిగేటప్పుడు పక్కవాడి మాటే వినపడదు, లీకు బుస ఏం వినపడుతుంది? పండక్కి మిల్లు ఆపినప్పుడు వెళ్లు. వాల్వులేవీ మూయకుండా కంప్రెసర్ ఒక్కటే నడిపించి, లోడ్‌లో (గాలి నింపుతూ) ఎన్ని సెకన్లుందో, అన్‌లోడ్‌లో (గాలి నింపకుండా ఊరికే తిరుగుతూ) ఎన్ని సెకన్లుందో నాలుగైదుసార్లు రాసుకో. 90 సెకన్లు లోడ్, 270 సెకన్లు అన్‌లోడ్ వచ్చిందంటే ఆ కంప్రెసర్ ఇచ్చే గాలిలో పావు వంతు లీకే. పదో వంతులోపు ఉంటే పరవాలేదు. (వీఎఫ్‌డీ, అంటే అవసరాన్ని బట్టి మోటారు వేగం మార్చే పరికరం, ఉన్న కంప్రెసర్‌కు ఈ లెక్క కుదరదు.) తర్వాత సబ్బునీళ్లు పట్టుకుని తిరుగు. పెద్ద పైపుల్లో అరుదుగా దొరుకుతుంది. హోస్ క్లిప్పుల దగ్గర, కప్లింగుల దగ్గర, నీళ్లు పోవాలని కాస్త తెరిచి వదిలేసిన డ్రెయిన్ వాల్వుల దగ్గర వెతుకు.

లీకులు కట్టాకే ప్రెషర్ జోలికెళ్లు. నేను కుర్రతనంలో తిరగేసి చేశాను: ఏ మిషనువాడు గాలి చాలట్లేదన్నా గేజ్ పెంచేవాణ్ణి. పెంచినకొద్దీ చిల్లులు ఇంకా ఎక్కువ తాగేవి. ఒక బార్ తగ్గితే ఆరేడు శాతం కరెంటు మిగులుతుంది. అయితే అర బార్ చొప్పున దించుతూ అతుకులు గట్టిగా పడుతున్నాయో లేదో చూసుకో.

షిఫ్టు దిగేటప్పుడు ఒంటి మీది దూది నూగు గాలి హోసుతో ఊదుకుంటారు. కంటికీ చెవికీ ప్రమాదం. తిట్టకు, బ్రష్షులు కొనివ్వు.

ఇంకొకటి. నేను పనిచేసిన ఓ ఫ్యాక్టరీలో కంప్రెసర్ నుంచి కారే నీళ్లు నేరుగా కాలవలోకి వదిలేవాళ్లం. నీళ్లే కదా అనుకున్నాం. ఒకరోజు పక్క చేను రైతు సీసాలో పట్టుకొచ్చాడు. పైన ఇంద్రధనుస్సులా నూనె తెట్టు. “గేదె మూతి పెట్టట్లేదయ్యా” అన్నాడు, అంతే. ఆ సీసా చాలా రోజులు నా బల్ల మీదే ఉంది. మీ మిల్లులో ఆ పైపు ఎక్కడ తేలుతుందో వెళ్లి చూడు. నూనె విడగొట్టే సెపరేటర్ లేకపోతే సోలార్ కంటే ముందు దానికి కాగితం పెట్టు.

లోడ్ ఎన్ని సెకన్లు వచ్చిందో ఆ రాత్రే ఫోన్ చెయ్. పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

ఇట్లు,
పెదనాన్న