స్కూటీ నుంచి గేర్ల బైక్‌కి మారాను. కంగారులో బ్రేక్ అనుకుని క్లచ్ నొక్కేస్తున్నాను, ఎందుకు?

"నాలుగేళ్లు స్కూటీ నడిపాను, ఇక నాకు బైక్ రాదేమో" అని కూడా రాశారు. వస్తుందండీ. నాకు ఇదే తిరగేసి జరిగింది.

నేను నేర్చుకున్నది నాన్నగారి పాత చేతక్ స్కూటర్ మీద. ఎడమ పిడి తిప్పితే గేరు, దాని మీదే క్లచ్. తర్వాత బైక్ కొంటే గేరు ఎడమ కాలి దగ్గరికి పోయింది. రెండు రోజులు తడబడ్డాను, అంతే. అసలు దెబ్బ మా ఆవిడ స్కూటీ మీద తగిలింది. కూరగాయలు తెస్తూ స్పీడ్‌బ్రేకర్ ముందు అలవాటుగా క్లచ్ పట్టాను. పట్టింది వెనక బ్రేక్! చక్రం బిగుసుకుని బండి పక్కకి జారింది. టమాటాలు రోడ్డు పాలయ్యాయి, పరువూ వాటితోనే పోయింది.

గేరు ఏకంగా చేతి నుంచి కాలికి మారినా ఇబ్బంది లేదు. ఎందుకంటే బైక్ మీద ఎడమ పిడి తిరగదు, తిప్పబోతేనే కాదని తెలిసిపోతుంది. లివర్ అలా కాదు. చోటు అదే, ఆకారం అదే, వేళ్లతో లాగే తీరూ అదే. పనొక్కటే వేరు. కంగారులో చేతికి "బ్రేక్" అనే మాట గుర్తుండదు, "ఎడమ లివర్ లాగు" అన్నదే ఉంటుంది. పైగా స్కూటీ సెల్ఫ్ కొట్టాలంటే బ్రేక్ పట్టాలి, చాలా బైకులకు గేరులో ఉంటే క్లచ్ పట్టాలి. అంటే రోజూ ఆ లివర్‌తోనే మొదలు.

ఇది మనకే కాదు, పైలట్లకూ జరిగింది. రెండో ప్రపంచ యుద్ధంలో బి-17 బాంబర్లు క్షేమంగా దిగాక కూడా కొన్ని పొట్ట మీద కూలబడేవి. ఫ్లాప్స్ (రెక్కల వెనక అంచున కదిలే పలకలు) స్విచ్ అనుకుని చక్రాలు ముడిచే స్విచ్ వేసేవారు. రెండూ పక్కపక్కనే, ఒకేలా ఉండేవి. ఆల్ఫాన్స్ చపానిస్ అనే సైకాలజిస్టు చక్రాల స్విచ్‌కి చిన్న రబ్బరు చక్రం, ఫ్లాప్స్‌కి రెక్కలాంటి ముక్క తగిలించాడు. ఇప్పటి విమానాల్లోనూ చక్రాల మీట చివర చక్రం ఆకారమే ఉంటుంది.

నేనూ క్లచ్ లివర్‌కి గరుకు రబ్బరు తొడుగు వేయించాను. కొంత పనికొచ్చింది, కానీ దాన్నే నమ్ముకోకండి. పొద్దున్నే ఖాళీ గ్రౌండ్‌లో ఇరవై స్పీడులో కుడి కాలు, కుడి చేయి బ్రేకులతోనే ఆపడం ప్రాక్టీస్ చేయండి. ఎడమ వేళ్లు లివర్ మీద అసలు పెట్టొద్దు. ఇంజిన్ ఆగిపోతే ఆగిపోనివ్వండి. క్లచ్ సంగతి ఆ తర్వాత. ఈ నెల రోజులు ఇంట్లో స్కూటీ జోలికి మాత్రం పోకండి.