పాదాల బాధలు: మీ ప్రశ్నలు, మా జవాబులు

ప్రశ్న: మాది పర్లాకిమిడి దగ్గర పల్లె. ఊడుపులు మొదలైన వారానికే నాకూ మా తోటికోడలికీ కాలివేళ్ల సందులు తెల్లగా నాని, ఒరుసుకుపోయాయి. రాత్రయితే ఒకటే దురద. షాపులో ఇచ్చిన ట్యూబు రాస్తే మూడు రోజుల్లో తగ్గింది, మానగానే రెట్టింపైంది. బోదకాలున్న మా అత్తగారికీ ఇదే మొదలైంది.

జవాబు: మూడు రోజుల్లో తగ్గి, మానగానే రెట్టింపైందన్నారు చూడండి, అక్కడే ఉంది అసలు సంగతి. ట్యూబు మీద క్లోబెటసాల్, బీటామెథసోన్, బెక్లోమెథసోన్ పేర్లలో ఏదైనా ఉందేమో చూడండి. ఉంటే అది స్టెరాయిడ్ కలిసిన మందు. దురదను, ఎరుపును అణచేస్తుంది గానీ, ఈ ఒరుపుకు అసలు కారణమైన ఫంగస్‌ను (బూజు జాతి క్రిమిని) అడుగున పెరగనిస్తుంది. దాన్ని పక్కన పడేసి, క్లోట్రిమజోల్ 1 శాతం మాత్రమే ఉన్న క్రీము అడిగి తీసుకోండి. రోజుకు రెండుసార్లు, పల్చగా, ఒరుపు చుట్టూ వేలెడు మేర వరకు రాయాలి. మానినట్టు కనిపించాక కూడా మరో రెండు వారాలు ఆపకూడదు. మొత్తం నాలుగు వారాలు పడుతుంది. ఎక్కువమంది మధ్యలో మానేసేది ఇక్కడే.

మడి నుంచి రాగానే కాళ్లు సబ్బుతో కడిగి, పాత పల్చటి నేత గుడ్డతో ఒక్కో సందూ విడివిడిగా తుడవండి. చిటికెన వేలికీ పక్క వేలికీ మధ్య సందు అన్నిటికంటే ఇరుకు, రోగం మొదలయ్యేది అక్కడే. రాత్రి ఆ సందులో చిన్న నూలు గుడ్డ పీలిక పెట్టి పడుకుంటే గాలి ఆడుతుంది. ఆ గుడ్డలు, తువ్వాలు ఒకరివి ఒకరు వాడకండి. పసుపు, నూనె రాస్తే రాయండి గానీ, దాన్నే నమ్ముకుని మందు మానకండి.

అత్తగారి విషయంలో మాత్రం ఆలస్యం వద్దు. బోదకాలులో నీరు సరిగా దిగదు కాబట్టి, ఒరిసిన సందులోంచి దూరిన సూక్ష్మక్రిమి కాలు మొత్తానికీ పాకుతుంది. చలిజ్వరం, కాలు ఎర్రబడి వేడెక్కడం వచ్చేది దానివల్లే. ఆవిడ కాలిని రోజుకు రెండుసార్లు సబ్బుతో, మామూలు నీళ్లతో కడగండి. చర్మం మడతలు పడ్డ చోట్ల కూడా ఆరేదాకా తుడిచి, సందుల్లో ఇదే క్రీము రాయండి. కూర్చున్నప్పుడు కాలు ఎత్తుమీద పెట్టించండి, పాదాన్ని పైకీ కిందకీ ఆడించమనండి. జ్వరం వచ్చిందంటే వ్యాయామం ఆపి, వేడి కాపడం పెట్టకుండా, ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లండి.

ప్రశ్న: మడమలు పగిలి రక్తం వస్తోంది. కొవ్వొత్తి కరిగించి పోస్తున్నాను. (గుణుపురం)

జవాబు: వేడి మైనం పోయకండి, కాలుతుంది, పైగా పగులులో మట్టిని బిగించేస్తుంది. మడమ అంచు చర్మం మందమై, ఎండిపోయి, సాగే గుణం పోగొట్టుకుంటుంది. వెనక పట్టీ లేని చెప్పులో మడమ పక్కలకు ఒత్తుకుని ఆ అంచు చీలుతుంది. రాత్రిపూట గోరువెచ్చని నీళ్లలో 10 నిమిషాలు నానబెట్టి, పగుళ్లు లేని గట్టి చోట మాత్రం పాదం రాయితో మెల్లగా రుద్దండి. తుడిచి, ఇంకా కాస్త తడి ఉండగానే 20 శాతం యూరియా క్రీము రాసి, నూలు మేజోళ్లు వేసుకోండి. రక్తం వచ్చే పగులుకు యూరియా మండుతుంది, అది పూడేదాకా ఒట్టి వాజలైన్ చాలు. షుగరు ఉంటే నానబెట్టడం, రాయితో రుద్దడం రెండూ వద్దు.

ప్రశ్న: షుగరు వచ్చి పన్నెండేళ్లు. అరికాలు దూది మీద నడిచినట్టుంది. బొటనవేలి కింద పుండు పడింది, నొప్పి లేదు కాబట్టి పట్టించుకోలేదు. (జయపురం)

జవాబు: నొప్పి లేదంటున్నారు, మాకు భయం కలిగించేది అదే. నరం మొద్దుబారితే గాయం మీద బరువు పడుతున్న సంగతి కాలికి తెలియదు. మీరు దాని మీదే నడుస్తుంటారు, అది లోపలికి, ఎముక దాకా వెళుతుంది. ఈ వారంలోనే చూపించుకోండి. అప్పటిదాకా ఆ కాలి మీద బరువు వీలైనంత తగ్గించండి. సెలైన్‌తోనో, కాచి చల్లార్చిన నీటితోనో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. చుట్టూ ఎరుపు పాకినా, వాసన వచ్చినా, వేలు నల్లబడినా, జ్వరం తగిలినా వారం ఆగకండి, అదే రోజు వెళ్లండి. బరంపురం ఎం.కె.సి.జి. లాంటి వైద్య కళాశాల ఆసుపత్రిలో సర్జన్‌కు చూపించడం మేలు.

ఇంట్లోవారు చేయగల పరీక్ష ఒకటి ఉంది. మీరు కళ్లు మూసుకోండి. వారు రెండు పాదాల బొటనవేలు, నడిమి వేలు, చిటికెన వేలు కొసలను ఒక్కొక్కటీ ఒకటి రెండు సెకన్లు, నొక్కకుండా, గీరకుండా తాకాలి. రెండు పాదాలవీ కలిపి ఆరింట్లో రెండు తెలియకపోయినా పాదాలు ప్రమాదంలో ఉన్నట్టే. అలాంటి కాలికి నీటి వేడి మోచేత్తోనే చూడాలి. చెప్పు వేసుకునే ముందు విదిలించి, లోపల చెయ్యిపెట్టి తడమాలి. మధ్యాహ్నం ఎండలో గుడి రాతి నేల మీద ప్రదక్షిణ చేస్తే బొబ్బలెక్కినా తెలియదు, పొద్దున్నే వెళ్లండి. చెప్పులు సాయంత్రం కొనండి, అప్పటికి పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. వెనక పట్టీ, మెత్తటి ఎమ్.సి.ఆర్. (సన్నటి గాలి రంధ్రాలున్న రబ్బరు) అట్ట ఉన్నవి చూడండి.

ఇంకొక మాట. షుగరు లేనివారికి కాలి మీద స్పర్శ తెలియని పాలిపోయిన మచ్చ ఉంటే కుష్ఠు పరీక్ష చేయించుకోవాలి. దాచుకోవలసిన రోగం కాదది. ప్రభుత్వ ఆసుపత్రిలో మందు ఉచితం, రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి. త్వరగా మొదలుపెడితే కాలు, వేళ్లు వంకరపోవు.

ప్రశ్న: ఆనెకాయను బ్లేడుతో కోయవచ్చా? (రాయగడ)

జవాబు: వద్దు. ముందు అది ఆనో, పులిపిరో చూడండి. నిట్టనిలువుగా నొక్కితే నొప్పి పుడితే ఆనెకాయ, పక్కల నుంచి గిల్లితే ఎక్కువ నొప్పి పుడితే పులిపిరి. ఆనెకు మూలం చెప్పు ఒరుపు, అది మార్చకుండా కోసినా మళ్లీ మొలుస్తుంది. 40 శాతం సాలిసిలిక్ ఆమ్లం ఉన్న కార్న్‌క్యాప్‌ను (ఆనెకాయ మీద అంటించే మందు ప్లాస్టరును) ఆనె మేరకే కత్తిరించి అంటించి, అట్ట మీద రాసినన్ని రోజులకు తీసి, తెల్లబడిన చర్మాన్ని నానబెట్టి రుద్దండి. షుగరు గానీ, కాళ్లలో రక్తప్రసరణ తక్కువ గానీ ఉంటే ఈ ప్లాస్టరు అసలు వాడొద్దు.