జైలు సినిమాల మీద రాస్తున్న తమ్ముడికి

తమ్ముడూ,

నువ్వు పంపిన వ్యాసం చదివాను. డెబ్బైల నాటి అమెరికన్ ఆడవాళ్ల జైలు సినిమాల మీద తెలుగులో రాయాలనుకున్నావు, సంతోషం. చాలామంది వాటి పేరెత్తడానికే మొహమాటపడతారు. కానీ నీ వ్యాసం సగం దాకా ఇదంతా బూతని తిట్టి, మిగతా సగంలో ఇదే స్త్రీవాదమని నెత్తిన పెట్టుకుంది. తీర్పులు రెండున్నాయి గానీ సినిమా ఏదీ? మన పాఠకుల్లో వీటిని చూసినవాళ్లు బాగా తక్కువ. నువ్వు చూపిస్తే తప్ప వాళ్లకు కనబడదు.

ముందు డబ్బు సంగతి రాయి. చౌక సినిమాలకు పేరుపడ్డ అమెరికన్ నిర్మాత రోజర్ కోర్మన్ 1970లో న్యూ వరల్డ్ పిక్చర్స్ అనే కంపెనీ పెట్టాడు. మరుసటి ఏడాదే జాక్ హిల్ దర్శకత్వంలో 'ద బిగ్ డాల్ హౌస్' వచ్చింది. ఖర్చు లక్షా పాతిక వేల డాలర్లకు అటూఇటూ అంటారు. కార్లలోనే కూర్చుని చూసే డ్రైవ్ ఇన్ థియేటర్లలో ఆడి దానికి ఎన్నో రెట్లు రాబట్టింది. షూటింగ్ ఫిలిప్పీన్స్‌లో. అక్కడ కూలి చౌక, అడవి పక్కనే ఉంది, ఇంగ్లీషు వచ్చి పని తెలిసిన యూనిట్లున్నాయి. జైలు కథ ఎంచుకోవడంలోనూ ఇదే లెక్క. ఒక సెట్టు వేస్తే సగం సినిమా అందులోనే లాగించేయొచ్చు, అందరికీ ఒకే రకం బట్టలు, పెద్ద స్టార్లు అక్కర్లేదు. స్నానాల సీను, కొట్లాట, చిత్రహింస, చివర్లో తిరుగుబాటు ఉంటే బొమ్మ అమ్ముడుపోతుంది. ఇవన్నీ పడ్డాక మిగిలిన చోట డైరెక్టర్ ఏం పెట్టుకున్నా పెద్దగా అడిగేవాడు లేడు. నువ్వు వెతకాల్సింది ఆ మిగిలిన చోటే.

ఈ సినిమాల్లో కనిపించే నల్లజాతి నటి పామ్ గ్రియర్‌ని 'నల్లజాతి శక్తికి ప్రతీక' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. 'బిగ్ డాల్ హౌస్'లో ఆమె ఖైదీ. అదే 1971లో, అదే ఫిలిప్పీన్స్‌లో తీసిన 'విమెన్ ఇన్ కేజెస్'లో ఖైదీలను హింసించే జైలు అధికారిణి, పేరు అలబామా. ఏ నరకంలోంచి ఊడిపడ్డావని ఒక ఖైదీ అడిగితే, దాన్ని హార్లెం అంటారని జవాబిస్తుంది. ఫ్లాష్‌బ్యాక్ లేదు, కన్నీళ్లు లేవు. న్యూయార్క్‌లో నల్లవాళ్ల పేటలో నలిగిన మనిషి చేతికి ఇప్పుడు తెల్లమ్మాయిల మీద అధికారం వచ్చిందని ఆ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది. అదే సినిమాలో కెమెరా ఆడవాళ్ల ఒంటి మీంచి చూపు తిప్పుకోదు. ఒకదాన్ని మెచ్చుకోవడానికి ఇంకోదాన్ని దాచకు.

అన్నట్టు, 'బిగ్ డాల్ హౌస్'లో 'లాంగ్ టైమ్ ఉమన్' పాట పాడింది గ్రియరే. 1997లో అమెరికన్ దర్శకుడు టారంటినో 'జాకీ బ్రౌన్'లో ఆమె పాత్ర జైలుకెళ్లే చోట దాన్నే వాడుకున్నాడు. టారంటినో మీద రెండు పేరాలు రాశావు, ఈ పాట ఊసే లేదు!

నీ వ్యాసంలో ఫిలిప్పీన్స్ అంటే అడవి, అంతే. 'విమెన్ ఇన్ కేజెస్' దర్శకుడు గెరార్డో డి లియోన్, 'బ్లాక్ మామా, వైట్ మామా' (1973) తీసిన ఎడ్డీ రొమెరో, ఇద్దరికీ తర్వాత ఆ దేశం 'నేషనల్ ఆర్టిస్ట్' బిరుదు ఇచ్చింది. వాళ్ల పేర్లు కూడా రాయకపోతే ఎలా? 1972 సెప్టెంబర్‌లో అక్కడి అధ్యక్షుడు మార్కోస్ మార్షల్ లా, అంటే సైనిక పాలన, పెట్టాడు. తెర మీద ఏదో నియంత రాజ్యంలో ఆడ ఖైదీలు తుపాకులు పడుతుంటే, బయట నిజం ఖైదీలతో, అందులో ఆడవాళ్లతో సహా, నిర్బంధ శిబిరాలు నిండాయి. అదే ఏడాది వచ్చిన 'ద బిగ్ బర్డ్ కేజ్'లో విప్లవకారులు జైలు మీద కన్నేసేది తమ మగవాళ్లకు ఆడతోడు కోసం! ఇది వెటకారమే, కాదనను. ఎవరి ఖర్చుతో చేసిన వెటకారమో ఆలోచించు. ఇక్కడ నువ్వు కనీసం ఒక పేజీ ఆగాలి.

'కేజ్డ్ హీట్' (1974) మీద ఇంకా రాయి. నా లెక్కలో వీటన్నిటిలోకీ అదే మేలు. జోనథన్ డెమీ దర్శకుడిగా మొదటి సినిమా, కెమెరా టక్ ఫుజిమోటో. తర్వాత 'ద సైలెన్స్ ఆఫ్ ద లాంబ్స్' తీసింది కూడా ఈ ఇద్దరే. జైలు సూపరింటెండెంట్‌గా బార్బరా స్టీల్ చక్రాల కుర్చీలో ఉంటుంది. ఖైదీలు వేసిన మోటు హాస్యం చూసి మండిపడుతుంది. ఆ తర్వాత కలలో తనే కాబరే వేషంలో, కుర్చీ లేకుండా, స్టేజీ ఎక్కుతుంది. మామూలుగా ఇలాంటి సినిమాల్లో ఆ పాత్రకు క్రూరత్వం తప్ప ఏమీ ఉండదు. డెమీ ఆమెకు ఒక కోరిక ఇచ్చాడు. స్నానాల సీను మాత్రం ఇందులోనూ ఉంది.

ఆ సీన్లను నువ్వు 'కొన్ని అభ్యంతరకర దృశ్యాలు' అని దాటేశావు. అది సెన్సార్ ఆఫీసు భాష. కెమెరా ఎవరి కళ్లతో చూస్తోంది, కథకు కావలసినదానికన్నా ఎంతసేపు ఎక్కువ నిలబడింది, ఆ కాసేపూ ఆ ఆడవాళ్లు ఏమైనా మాట్లాడుకున్నారా, ఇవి రాయి. పాఠకుణ్ణి ఊరించకుండా రాయి, అంతే.

పోస్టర్లు వరసగా పెట్టకు. పెడితే ఒక్కటి పెట్టి, దాని మీద బొమ్మకూ సినిమాలో ఉన్నదానికీ తేడా చెప్పు. ఫెయిర్ కాపీ అక్కర్లేదు, కొట్టివేతలతోనే పంపు. టారంటినో పేరాలు మాత్రం తీసేశాకే.

ప్రేమతో,
అన్నయ్య