మే నెలలో పిల్లలతో క్యాంపింగ్: గాలిబోరెనా, కె. గుడినా, హార్స్‌లీ హిల్సా?

ఆరేళ్లు, తొమ్మిదేళ్ల పిల్లలతో మే మొదటివారంలో బెంగళూరు నుంచి రెండు రాత్రులు వెళ్లాలి, ఈ మూడింట్లో ఏది మంచిదని అడిగారు కదండీ. మూడూ చూసి వచ్చాం. మేలో అయితే కె. గుడికే వెళ్లండి.

గాలిబోరె అందమైన చోటు, అందులో అనుమానమే లేదు. సుమారు 100 కిలోమీటర్లు, కావేరి ఒడ్డునే టెంట్లు, పైన ఏరుమద్ది చెట్ల నీడ. బెట్టుడుత ఒకటి కొమ్మ మీద కూర్చుని కాయ కొరుకుతుంటే మా చిన్నది ముద్ద నోట్లో పెట్టుకుని నమలడం మర్చిపోయింది. కానీ మేం వెళ్లింది ఏప్రిల్ చివర్లో. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది, ఆ కావేరి లోయ దానికంటే బాగా కింద. పగలంతా కాగిన బండలు రాత్రి కూడా సెగ కక్కుతూనే ఉంటాయి. నది పక్కన చల్లగా ఉంటుందనుకున్నాం. రాత్రి రెండింటికి చూస్తే పాప బనీను పిండితే కారేలా తడిసిపోయి ఉంది. నేనూ మావారూ తెల్లారేదాకా వంతులేసుకుని స్టీలు పళ్లెంతో విసిరాం. పైగా ఆ నీళ్లలో మొసళ్లు ఉంటాయి, సుడులు ఉంటాయి. వేసవిలో పల్చగా కనిపించినా పిల్లల్ని దింపకండి. డిసెంబరులో అయితే మాత్రం కళ్లు మూసుకుని అక్కడికే వెళ్లండి.

కె. గుడి, అంటే క్యాతదేవర గుడి, బిళిగిరిరంగన కొండల్లో, పులుల అభయారణ్యం లోపల ఉంది. ప్రయాణం దాదాపు రెట్టింపు. అయినా మేలో కూడా మాకు రాత్రి దుప్పటి కావాల్సి వచ్చింది, అది చాలు నాకు! పొద్దున లేచి జిప్ తీస్తే ఎదురుగా చుక్కల జింకలు. అడవిపందులు కూడా తిరుగుతాయి కాబట్టి బిస్కెట్ ప్యాకెట్ కూడా టెంట్‌లో పెట్టుకోకండి. చీకటి పడకముందే అటవీ చెక్‌పోస్టు దాటాలి, అందుకని తెల్లవారుజామునే బయల్దేరండి. గాలిబోరె, కె. గుడి క్యాంపులు రెండూ కర్ణాటక ప్రభుత్వ సంస్థ జంగిల్ లాడ్జెస్ వాళ్లవే, భోజనం అక్కడే పెడతారు. సెలవుల్లో తొందరగా నిండిపోతాయి.

అది దొరక్కపోతే హార్స్‌లీ హిల్స్, మన ఏనుగు మల్లమ్మ కొండ. 1,200 మీటర్లకు పైనే ఎత్తు, చింతామణి, మదనపల్లె మీదుగా 150 కిలోమీటర్ల లోపే. మేం టెంట్ వేయలేదు, గదిలో దిగాం. సాయంత్రం గాలి హాయిగా ఉంటుంది.

బెంగళూరు చుట్టుపక్కల తోటల్లో చవగ్గా దొరికే ప్రైవేటు క్యాంపులతో జాగ్రత్త. ఒకచోట ఫొటోలో చెట్లు చూసి డబ్బు కట్టాం. వెళ్తే ఆ చెట్లు కంచె అవతల ఉన్నాయి, ముప్పై మందికి రెండే బాత్రూములు. అలాంటిది బుక్ చేయాల్సి వస్తే, డబ్బు పంపేముందు మధ్యాహ్నం మూడింటికి టెంట్ల వీడియో తీసి వాట్సాప్‌లో పెట్టమనండి. నీడ టెంట్ మీద పడుతోందో, పక్కన పడుతోందో కనిపిస్తుంది.