టెక్ సందేహాలు: అంబాసిడర్‌కు కరెంటు ఫ్యాన్ పెట్టొచ్చా?

ప్రశ్న: నమస్తే అండీ. మాది విజయవాడ, పటమట. మా నాన్నగారు 1982లో కొన్న అంబాసిడర్ మార్క్ 4 పెట్రోలు బండిని ఇప్పటికీ నడుపుతున్నాం. గుంటూరు వెళ్లొచ్చినా ఏ ఇబ్బందీ లేదు. బెంజి సర్కిల్ దగ్గర పది నిమిషాలు ఆగితే మాత్రం టెంపరేచర్ ముల్లు పైకి పోతోంది. ఆటోనగర్‌లో ఒక మెకానిక్ ఇంజిన్ ఫ్యాన్ పీకేసి మారుతి 800 రేడియేటర్ ఫ్యాన్ బిగిద్దామంటున్నారు. ఇంకొకాయన బ్యాటరీ కూర్చుంటుంది, వద్దంటున్నారు. బండికి డైనమో పాతదే. ఎవరి మాట వినాలి?

జవాబు: ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. కానీ ఇద్దరూ అడగని ప్రశ్న ఒకటుంది. మీ బండిది గాలి జబ్బా, నీటి జబ్బా? అది తేలకుండా ఏ ఫ్యాన్‌కూ డబ్బు పెట్టకండి.

మీ అంబాసిడర్ ఫ్యాన్ బెల్టుతో ఇంజిన్‌కు కట్టేసి ఉంటుంది. ఇంజిన్ ఎంత తిరిగితే అదీ అంతే. హైవే మీద ఇంజిన్ నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఫ్యాన్ కూడా హోరుమంటుంది. కానీ అప్పుడు దాని అవసరమే లేదు, 60 కిలోమీటర్ల వేగంలో ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు ఎదురుగాలి ఉండదు, ఇంజిన్ 700, 800 చుట్లకు పడిపోతుంది, ఫ్యాన్ కూడా నీరసిస్తుంది. గాలి ఎప్పుడు కావాలో అప్పుడే తక్కువ అన్నమాట. దీనికి మన ఎండ తోడు. రేడియేటర్‌లో నీరు 90 డిగ్రీలు ఉందనుకోండి. డిసెంబరు తెల్లవారుజామున బయటి గాలి 20 డిగ్రీలైతే తేడా 70. మే నెల మధ్యాహ్నం బెజవాడ గాలి 45 డిగ్రీలైతే తేడా 45కు పడిపోతుంది. అంటే అదే ఫ్యాన్, అంతే గాలి వీచినా, మోసుకుపోయే వేడి మూడో వంతుకు పైగా తగ్గిపోతుంది.

గుంటూరు దారిలో బాగుండి, సర్కిల్ దగ్గర ముల్లు లేస్తోందంటే లక్షణం గాలి జబ్బుదే. రూపాయి ఖర్చు లేకుండా దీన్ని ఖాయం చేసుకోవచ్చు. మిట్టమధ్యాహ్నం బండిని ఆరుబయట ఆపి, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి ముల్లు లేచేదాకా చూడండి. అప్పుడు ఇంట్లో ఉన్న పెడస్టల్ ఫ్యాన్ తెచ్చి గ్రిల్లుకు ఎదురుగా పెట్టి ఫుల్ స్పీడులో తిప్పండి. నాలుగైదు నిమిషాల్లో ముల్లు దిగడం మొదలైతే మీ బండికి కావలసింది గాలే. దిగకపోతే జబ్బు వేరే చోట ఉంది.

అప్పుడు చూడాల్సింది రేడియేటర్‌ని. ఏళ్ల తరబడి బోరు నీళ్లు పోసిన బండ్లలో సున్నం పేరుకుని గొట్టాలు సగం మూసుకుపోతాయి. పాత ఇత్తడి రేడియేటర్‌కు ఒక సుఖం ఉంది: పైట్యాంకు టంకం ఊడదీసి, గొట్టాల్లో సన్న ఊచ ఆడించి శుభ్రం చేసి మళ్లీ అతకొచ్చు. ఈ పని తెలిసినవాళ్లు ఆటోనగర్‌లో ఇంకా ఉన్నారు. వాళ్లు ఉండగానే చేయించుకోండి. బెల్టును బొటనవేలితో నొక్కితే అర అంగుళానికి మించి దిగకూడదు. నీరు తగినంత వేడెక్కాకే తెరుచుకుని రేడియేటర్‌కు వదిలే థర్మోస్టాట్‌ను ఎవరైనా తీసి పారేశారేమో కనుక్కోండి. ఇగ్నిషన్ టైమింగ్ వెనకబడినా ఇంజిన్ వేడెక్కుతుంది. రేడియేటర్ మూత రబ్బరు ఎండిపోయిందేమో చూడండి, ఎందుకంటే మూత నిలబెట్టే ప్రతి ఒక్క పీఎస్‌ఐ ఒత్తిడికీ నీరు మరిగే స్థానం సుమారు ఒకటిన్నర డిగ్రీ పెరుగుతుంది. 7 పీఎస్‌ఐ మూత సరిగ్గా పనిచేస్తే నీరు 110 డిగ్రీలు దాటేదాకా మరగదు. ఇవన్నీ బండి పూర్తిగా చల్లారాకే. వేడి మీద మూత తిప్పితే మరిగే నీరు ముఖాన చిమ్ముతుంది.

ఇక్కడే ఒక మాట. కరోనా రోజుల్లో కొన్న నుదుటి థర్మామీటర్‌తో రేడియేటర్ వేడి చూద్దామని కొందరు రాస్తున్నారు. అది ఒంటి వేడి పరిధికే పనిచేస్తుంది. వర్క్‌షాపుల్లో వాడే ఇన్‌ఫ్రారెడ్ గన్ వేరే. అది ఉంటే ఇంజిన్ వేడిగా ఉన్నప్పుడు రేడియేటర్ అంతటా చూడండి. మధ్యలో ఒక చోట మాత్రం బాగా చల్లగా చూపిస్తే అక్కడ నీరు పారడం లేదని అర్థం.

సరే, గాలి జబ్బేనని తేలింది. మరి మారుతి 800 ఫ్యాన్ సరిపోతుందా? ఆ ఫ్యాన్‌ను చేసింది 796 సీసీ ఇంజిన్‌కు, దాని చిన్న రేడియేటర్‌కు. మీది 1489 సీసీ. బిగించడానికి వీలుగానే ఉంటుంది, జనవరిలో బాగానే పనిచేస్తుంది కూడా. మే నెలలో చేతులెత్తేస్తుంది. నా మాట వింటే, టేపు తీసుకుని మీ రేడియేటర్‌లో గొట్టాలూ రెక్కలూ ఉన్న భాగం ఎత్తు, వెడల్పు కొలవండి. అందులో పట్టే అతి పెద్ద వృత్తం ఎంతో, ఫ్యాన్ వ్యాసం దానికి దగ్గరగా ఉండాలి. 1300 సీసీ పైబడిన కారుది వెతకండి. ఇంజిన్ ఫ్యాన్ తీసేశాక వాటర్ పంప్ మొహానికీ రేడియేటర్‌కూ మధ్య ఖాళీ ఎంతో కూడా కొలవండి. మోటారు బిగించాక ఇంకా రెండు సెంటీమీటర్లు మిగలాలి. బ్రేకు గట్టిగా కొట్టినప్పుడు ఇంజిన్ తన రబ్బరు మౌంటింగుల మీద ముందుకు ఊగుతుంది, ఆ ఊపు ఫ్యాన్‌కు తగలకూడదు.

ఫ్యాన్ ఎప్పుడూ రేడియేటర్ వెనక, ఇంజిన్ వైపు ఉండి గాలిని లాగేదై ఉండాలి. వెనక చోటు లేదని గ్రిల్లు వైపు పెడితే ట్రాఫిక్‌లో పనికొస్తుంది కానీ, హైవే మీద ఎదురుగాలికి అదే అడ్డం. వెనక పెట్టేదాన్ని ముందు పెట్టి వైర్లు తారుమారు చేస్తే సరిపోతుందని చెబుతారు. మోటారు తిరగబడుతుంది నిజమే, రెక్కల వంపు మాత్రం తిరగబడదు, గాలి బాగా తగ్గిపోతుంది. బిగించాక గ్రిల్లు వైపు నుంచి ఒక కాగితం పట్టి చూడండి. రేడియేటర్‌కు అతుక్కుంటే దిశ సరిగ్గా ఉన్నట్టు.

ఫ్యాన్ చుట్టూ ఉండే తొడుగు, మెకానిక్కులు ష్రౌడ్ అంటారు, దాన్ని వదిలేయొద్దు. స్క్రాప్ షాపులో ఫ్యాన్ కొంటే తొడుగుతో సహా అడిగి తీసుకోండి. అది లేని ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న గుండ్రటి భాగం నుంచే గాలి లాగుతుంది, మూలలన్నీ వృథా. తొడుగు మీ రేడియేటర్‌కు సరిపడకపోతే రేకు కత్తిరించి చేయించి, అంచులకు రబ్బరు బీడింగ్ పెట్టించండి. నన్ను అడిగితే పెద్ద ఫ్యాన్ కన్నా మంచి తొడుగు ముఖ్యం.

బిగించే పద్ధతి గురించి నా అనుభవం చెప్పాలి. ఒకప్పుడు నా ప్రీమియర్ పద్మిని కారుకు ఫ్యాన్ పెట్టినప్పుడు తొందరపడి, రేడియేటర్ రెక్కల మధ్య నుంచి ప్లాస్టిక్ ట్యాగులు దూర్చి కట్టేశాను. కొన్ని నెలల పాటు ఆ అదురుకు ట్యాగు గొట్టాన్ని కోస్తూ వచ్చింది. ఏలూరు వెళ్తుంటే హనుమాన్ జంక్షన్ దాటాక నీళ్లన్నీ కారిపోయాయి. బండిలో మా అమ్మ ఉంది, మధ్యాహ్నం రెండు గంటల ఎండ. అప్పటినుంచీ ఒకటే చెబుతున్నాను: రేడియేటర్ పక్కల ఉండే ఇనుప ఫ్రేముకు పట్టీలు కొట్టించి, నట్టుబోల్టుతో, మధ్యలో రబ్బరు వాషరు పెట్టి బిగించండి. రెక్కల్లోంచి ఏదీ దూర్చొద్దు.

ఇంజిన్ ఫ్యాన్ తీసేటప్పుడు చాలామంది చూసుకోని సంగతి ఒకటుంది. ఆ ఫ్యాన్‌నూ పుల్లీనీ కలిపి పట్టేవి అవే బోల్టులు. ఫ్యాన్ తీశాక అవే బోల్టులు మళ్లీ బిగిస్తే, ఫ్యాన్ మందం మేర పొడవు ఎక్కువై పుల్లీని సరిగ్గా పట్టవు. పొట్టి బోల్టులు వేయండి, లేదంటే అదే మందం వాషర్లు పెట్టండి. బెల్టు ఉండాల్సిందే, వాటర్ పంపూ డైనమో తిరిగేది దానితోనే.

ఇప్పుడు రెండో మెకానిక్ భయం దగ్గరికి వద్దాం. ఆయన చెప్పింది గాలిమాట కాదు. లెక్క వేసుకుందాం. మంచి ఫ్యాన్ 10 ఆంపియర్లు తీసుకుంటుంది. 55 వాట్ల హెడ్‌లైట్లు రెండు వెలిగితే ఇంకో 9 ఆంపియర్లు. ఇగ్నిషన్ కాయిల్‌కు మూడో నాలుగో, వెనక లైట్లకు రెండు. మొత్తం 25 దగ్గరకు వచ్చింది, హారన్, వైపర్ ఇంకా కలపలేదు. ఆనాటి బ్రిటిష్ తరహా కార్లలో బాగా వాడిన లూకాస్ సి40 డైనమో పూర్తి వేగంలో ఇచ్చేది 22 ఆంపియర్లు. అదీ హైవే మీద. ట్రాఫిక్‌లో ఆగినప్పుడు డైనమో దాదాపు ఏమీ ఇవ్వదు, అందుకే ఛార్జింగ్ బల్బు మినుకుమినుకుమంటుంది. సరిగ్గా అప్పుడే ఫ్యాన్ తిరగాలి. అంటే మొత్తం భారం బ్యాటరీ మీదే. పగటి పూట ఓ పావుగంట ఆగితే తట్టుకుంటుంది. సాయంత్రం లైట్లు వేసుకుని బందరు రోడ్డులో గంటసేపు ఇరుక్కుంటే, ఆ తర్వాత సెల్ఫ్ తిరగదు. కాబట్టి డైనమోతో ఈ పని చేయొద్దు. ముందు డైనమో తీసేసి, ఇంజిన్ నెమ్మదిగా తిరిగినా కరెంటు ఇచ్చే ఆల్టర్నేటర్, 45 ఆంపియర్లకు తగ్గనిది, పెట్టించండి. దానితోపాటు డైనమో కరెంటును అదుపు చేసే పాత కటౌట్ బాక్సు తీసేయాలి, వైరింగ్ కొంత మారుతుంది. కొన్ని పాత బండ్లలో బ్యాటరీ పాజిటివ్ బాడీకి కట్టి ఉంటుంది. మామూలు ఆల్టర్నేటర్‌కు నెగెటివ్ ఎర్త్ ఉండాలి. మీ బండిలో బాడీకి వెళ్లే వైరు బ్యాటరీ ఏ వైపు నుంచి వస్తోందో మీ కళ్లతో చూసుకోండి.

వైరింగ్‌లో రిలే, అంటే చిన్న కరెంటుతో పెద్ద కరెంటును ఆన్ ఆఫ్ చేసే స్విచ్, తప్పనిసరి. డ్యాష్‌బోర్డు స్విచ్ నుంచే నేరుగా ఫ్యాన్‌కు కరెంటు పంపితే స్విచ్ కాలుతుంది, కొన్నిసార్లు వైరూ కాలుతుంది. 12 వోల్టుల నాలుగు కాళ్ల రిలే మీద అంకెలుంటాయి. 30కి బ్యాటరీ నుంచి 20 ఆంపియర్ ఫ్యూజ్ మీదుగా వైరు, 87 నుంచి ఫ్యాన్‌కు, 86కు ఇగ్నిషన్ నుంచి, 85 నుంచి రేడియేటర్ థర్మోస్విచ్ (నీరు వేడెక్కితే తనంతట తానే ఆన్ అయ్యే స్విచ్) మీదుగా బాడీకి. ఫ్యూజ్ బ్యాటరీకి జానెడు దూరంలోపే ఉండాలి. ఫ్యాన్ వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లది వాడండి. సన్న వైరు ఎందుకు వద్దంటే, ఒక చదరపు మిల్లీమీటరు వైరు పోను రాను నాలుగు మీటర్లు ఉంటే 10 ఆంపియర్ల దగ్గర 0.7 వోల్టు దారిలోనే పోతుంది. 2.5 అయితే పోయేది 0.28. పాత తుప్పు ఎర్త్ పాయింట్ దీనికి తోడైతే ఫ్యాన్ నీరసంగా తిరుగుతుంది, తప్పేమో ఫ్యాన్ మీదకు పోతుంది.

థర్మోస్విచ్ ఎంచుకునేటప్పుడు మీ థర్మోస్టాట్ తెరుచుకునే డిగ్రీ చూడండి. అది 82 అయితే, స్విచ్ 92 దగ్గర ఆన్ అయి 87 దగ్గర ఆఫ్ అయ్యేది బాగుంటుంది. థర్మోస్టాట్ కన్నా తక్కువ డిగ్రీ స్విచ్ పెడితే ఫ్యాన్ ఇక ఆగదు. డ్యాష్‌బోర్డులో చేతి స్విచ్ కూడా ఒకటి పెట్టించండి, థర్మోస్విచ్ మొరాయించిన రోజున అదే దిక్కు. ఇంకో ముఖ్యమైన జాగ్రత్త: కొందరు ఇంజిన్ ఆపాక కూడా ఫ్యాన్ తిరగాలని నేరుగా బ్యాటరీ నుంచి కలుపుతారు. అలాంటి బండిలో తాళం చేతిలో ఉన్నా ఫ్యాన్ హఠాత్తుగా తిరుగుతుంది. బానెట్ లోపల చెయ్యి పెట్టే ప్రతి ఒక్కరికీ, ముఖ్యంగా కొత్త మెకానిక్‌కు, ముందే చెప్పండి.

పాత ఫ్యాన్, పాత బోల్టులు అమ్మేయకండి. సంచిలో కట్టి డిక్కీలో ఉంచండి. ఎక్కడైనా కరెంటు ఫ్యాన్ కాలిపోతే అరగంటలో పాత పద్ధతికి వెళ్లి ఇంటికి చేరొచ్చు.

ప్రశ్న: గుంటూరు బ్రాడీపేట నుంచి రాస్తున్నాను సార్, ఇంజినీరింగ్ విద్యార్థిని. మా తాతయ్య పద్మిని రేడియేటర్‌కు థర్మోస్విచ్ పెట్టే రంధ్రం లేదు. డబ్ల్యూ1209 డిజిటల్ టెంపరేచర్ బోర్డుతో ఫ్యాన్ నడపొచ్చా?

జవాబు: నడపొచ్చమ్మా, మంచి ఆలోచన. కానీ ఆ బోర్డు మీద ఉన్న చిన్న రిలే మీద ఫ్యాన్ భారం వేయొద్దు. ఫ్యాన్ మొదలయ్యే క్షణంలో మామూలు కన్నా రెండు మూడు రెట్లు కరెంటు లాగుతుంది. బోర్డు రిలేతో పైన చెప్పిన పెద్ద రిలేను నడిపించు. ఆ బోర్డు కొలిచే గరిష్ఠం 110 డిగ్రీలు, మన అవసరానికి చాలు. మోడ్ 'సి'లో పెట్టు, 'హెచ్'లో పెడితే చల్లగా ఉన్నప్పుడు తిరిగి వేడెక్కాక ఆగిపోతుంది. ఆన్‌కూ ఆఫ్‌కూ మధ్య తేడా మొదట 2 డిగ్రీలే ఉంటుంది, దాన్ని 5కు పెంచు. లేకపోతే రిలే టకటకమని కొట్టుకుంటూనే ఉంటుంది.

సెన్సార్‌ను రబ్బరు గొట్టంలోకి దూర్చకు, అక్కడ నీరు కారడం ఖాయం. పైగొట్టం రేడియేటర్‌లో కలిసే చోట లోహానికి ఆనించి, పైన దళసరి రబ్బరు చుట్టి క్లిప్పు బిగించు. బయటినుంచి కొలుస్తుంది కాబట్టి లోపలి నీటి కన్నా కొన్ని డిగ్రీలు తక్కువే చూపిస్తుంది. పైగొట్టం ఒక్కసారిగా వేడెక్కిందంటే థర్మోస్టాట్ తెరుచుకున్నట్టు, ఆ సమయంలో బోర్డు ఎంత చూపిస్తోందో రాసుకుని, దానికి ఎనిమిదో పదో కలిపి సెట్ చేయి. ఇంకా పక్కాగా కావాలంటే, గొట్టం మధ్యలో అమర్చే లోహపు ముక్కకు స్విచ్ మర ఉండేలా లేత్ మీద చేయించుకోవచ్చు. నాకు ఆ పద్ధతే ఇష్టం, దానికి బోర్డు కూడా అక్కర్లేదు. బోర్డే వాడతానంటే బానెట్ కింద కాకుండా డ్యాష్‌బోర్డు లోపల పెట్టు. తాతయ్య బండిలో పాజిటివ్ ఎర్త్ ఉందేమో ముందు చూసుకో. ఫ్యాన్ మోటారుకైతే రెండు వైర్లు మార్చుకుంటే చాలు, ఆ బోర్డు మాత్రం తిరగేసి కలిపితే కాలిపోవచ్చు.

ప్రశ్న: బ్లూటూత్ ఓబీడీ స్కానర్ కొన్నాను. కార్బురేటర్ ఉన్న నా 1995 మారుతి 800లో నీటి వేడిని ఫోన్‌లో చూడొచ్చా? గుణదల నుంచి.

జవాబు: కుదరదండీ. ఆ స్కానర్ మాట్లాడేది ఇంజిన్ కంప్యూటర్‌తో, కార్బురేటర్ బండిలో అది లేదు. మన దేశంలో కార్లకు ఓబీడీ నిబంధన మొదటి దశ 2010లో, రెండో దశ 2013లో వచ్చాయి. దాన్ని తిరిగి ఇచ్చేసి, ఆ డబ్బుతో విడిగా దొరికే టెంపరేచర్ మీటరు, సెన్సార్ కొనుక్కోండి. ఇంకో పని కూడా ఇప్పుడే చేయండి: మీ 800లో కంపెనీ పెట్టిన కరెంటు ఫ్యానే ఉంటుంది కాబట్టి, బండి చల్లగా ఉండగా దాని ప్లగ్ ఊడదీసి రెండు వైర్లతో నేరుగా బ్యాటరీ నుంచి కరెంటు ఇచ్చి చూడండి. ఆగకుండా, గరగర లేకుండా తిరిగితే ఈ వేసవికి మోటారు గురించి బెంగ అక్కర్లేదు, ఇక చూడాల్సింది స్విచ్, ఫ్యూజ్ మాత్రమే.