మెక్సికో దీవి కోజుమెల్‌లో విహార ఓడ దిగాక ఏ గడియారాన్ని నమ్మాలి?

ఓడ గడియారాన్నే నమ్మాలి. ఫోను చూపే స్థానిక సమయాన్ని కాదు. తిరిగి ఎక్కాల్సిన గడువును ఓడలో అమలులో ఉన్న సమయం ప్రకారమే ప్రకటిస్తారు.

కోజుమెల్ ఉన్న కింతానా రూ రాష్ట్రం 2015 నుంచి ఏడాది పొడవునా ఒకే సమయాన్ని పాటిస్తోంది. ఇలాంటి ఓడలు చాలా బయలుదేరే అమెరికా నగరం మయామీలో మాత్రం వేసవికి గడియారాన్ని గంట ముందుకు జరుపుతారు. అందువల్ల వేసవిలో మయామీ సమయం కోజుమెల్ కంటే గంట ముందుంటుంది. కొన్ని ఓడలు రేవును బట్టి గడియారం మార్చుకుంటాయి, కొన్ని మార్చవు. దిగే ముందు ఓడలోని గడియారాన్ని చూసి చేతి గడియారాన్ని దానికి సరిచేసుకోవడం మేలు. ఫోను స్థానిక సిగ్నల్ అందగానే తనంతట తాను మారిపోతుంది.

ఉదాహరణకు, మయామీ సమయాన్నే పాటిస్తున్న ఓడ జులైలో సాయంత్రం 4:30కల్లా ఎక్కమంది అనుకుందాం. మీ ఫోనులో 3:30 అయ్యేసరికే గడువు ముగుస్తుంది. పురాతన మాయా నగరం చిచెన్ ఇట్జా చూడబోయేవారికి చిక్కు ఇంకా ఎక్కువ: అది ఉన్న యుకటాన్ రాష్ట్రం మరో గంట వెనక ఉంటుంది. పైగా అక్కడికి ముందు ఫెర్రీ, తర్వాత రెండు గంటలు దాటిన రోడ్డు ప్రయాణం!

ఎవరైనా రాకపోతే ఓడ ఆగుతుందన్నది చాలామంది అపోహ. ఓడ కంపెనీ ద్వారా తీసుకున్న టూరు ఆలస్యమైతే సాధారణంగా ఆగుతుంది. సొంతంగా వెళ్లినవారి కోసం ఆగదు. తర్వాతి రేవుకు వారు తమ ఖర్చుతోనే చేరుకోవాలి.